ప్రజావైద్యమూ – దివాలా వాదమూ

"ప్రజలందరికీ ప్రభుత్వ ఖర్చుతో వైద్యం అందించడం ఏ దేశానికైనా చిరకాలం సాధ్యపడుతుందా?" ఈ ప్రశ్న ఈ మధ్య మన విద్యార్థుల నోట కూడా తరచు వినిపిస్తున్నది. నేను ముప్పయ్యేళ్లకు పైగా కళాశాలలో అర్థశాస్త్రం చెప్పినవాణ్ణి గనుక క్లాసుల్లోనూ, సభల్లోనూ నాకిది ఎన్నోసార్లు ఎదురయింది. ప్రశ్న వేయడంలో తప్పు లేదు. కాని వేసేవారు జవాబును ముందే నిర్ణయించుకొని వస్తున్నారు: జనంలో వృద్ధుల సంఖ్య పెరుగుతున్నది, యంత్రాల ఖరీదు పెరుగుతున్నది, ఉచితమంటే జనం ఎగబడతారు, ఖజానా ఖాళీ అవుతుంది, కనుక ఎవరి వైద్యం వారే చూసుకోవాలి. దీన్నే నేను దివాలా వాదం అంటున్నాను.

ఈ వాదంలోని మొదటి కిటుకు, ప్రభుత్వం పెట్టని ఖర్చు అసలు ఖర్చే కాదన్నట్లు మాట్లాడడం. జబ్బు వచ్చిన మనిషికి వైద్యం చేయించక తప్పదు. ప్రభుత్వం పెట్టకపోతే కుటుంబం పెడుతుంది. కుటుంబం దగ్గర లేకపోతే అప్పు తెచ్చి పెడుతుంది. అప్పు పుట్టకపోతే రోగి తన ప్రాణమే పెడతాడు. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021–22లో మన దేశంలో వైద్యం మీద జరిగిన మొత్తం వ్యయంలో 39.4 శాతం జనం తమ జేబుల్లోంచి నేరుగా చెల్లించినదే. 2013–14లో అది 64.2 శాతం. తగ్గిందని సంతోషించేవారు సంతోషించవచ్చు. కాని అదే 2021–22లో మన ప్రభుత్వాలన్నీ కలిసి ఆరోగ్యం మీద పెట్టినది జాతీయోత్పత్తిలో 1.84 శాతం మాత్రమే. 2025 నాటికి దాన్ని 2.5 శాతానికి చేరుస్తామని 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానంలో ప్రభుత్వమే రాసుకున్నది. ఎకరం అమ్మి తండ్రికి గుండె ఆపరేషన్ చేయించిన రైతు లెక్క ఏ బడ్జెట్ లోటులోనూ కనపడదు. కనపడదు గనుక ఆ పద్ధతి "ఆర్థికంగా నిలకడ గలది" అయిపోతున్నది!

అందుచేత విచారించవలసింది వేరే వుంది. వైద్యభారాన్ని సమాజమంతా కలిసి మోయడం మేలా, జబ్బుపడిన ఇల్లు ఒక్కటే మోయడం మేలా? సమాజం మోస్తే ఎంత అవుతుంది? అలాంటి ఏర్పాటు ఎప్పుడు నిలుస్తుంది, ఎప్పుడు కూలుతుంది? దీనికి గాలిలో వాదించనక్కరలేదు. బ్రిటన్ దేశపు నేషనల్ హెల్త్ సర్వీసు 1948 జూలై 5న మొదలయింది. ఏడున్నర దశాబ్దాల అనుభవం మన ఎదుట వుంది. అది మనకు దూరపు కథ కూడా కాదు. ఆ సర్వీసును నిలబెట్టిన చేతుల్లో మన తెలుగు డాక్టర్ల చేతులున్నాయి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

అంతకుముందు బ్రిటన్‌లో 1911 నాటి చట్టం కింద కొంత ఆరోగ్య బీమా వుండేది. కాని దాని కింద డాక్టరు దగ్గరకు పోగలిగింది బీమా చెల్లించే కార్మికుడే. అతని భార్యకూ, పిల్లలకూ ఆ హక్కు లేదు. ఈ కొరతను కార్మికులు కొన్నిచోట్ల తామే తీర్చుకున్నారు. దక్షిణ వేల్స్‌లో ట్రెడీగర్ అనే బొగ్గుగనుల పట్టణంలో కార్మికులు తమ కూలిలోంచి పౌనుకు కొన్ని పెన్నీల చొప్పున ఒక వైద్య సహాయ సంఘానికి జమ చేసుకునేవారు. ఆ సంఘం డాక్టర్లను జీతాలిచ్చి పెట్టుకొని ఊరందరికీ వైద్యం చేయించేది. ఆ ఊళ్లో గనికార్మికుని కొడుకుగా పుట్టి, పదమూడో ఏట గనిలో దిగినవాడు అన్యూరిన్ బెవాన్. యుద్ధానంతర లేబర్ ప్రభుత్వంలో ఆరోగ్యమంత్రి అయి, ట్రెడీగర్‌లో తాను చూసిన పద్ధతినే దేశానికంతటికీ విస్తరించాడు. ఒక్క ఇంగ్లండు, వేల్స్‌లలోనే 2,688 ఆసుపత్రులు ఒక్కరోజున జాతి పరమయ్యాయి.

ఆనాడు బ్రిటన్ ఏ స్థితిలో వుందో గమనించాలి. యుద్ధం మిగిల్చిన ప్రభుత్వ రుణం జాతీయోత్పత్తికి సుమారు రెండున్నర రెట్లు. 1946లో అమెరికా నుంచి 375 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుంటేగాని రోజు గడవలేదు. యుద్ధకాలంలో సైతం రేషను లేని రొట్టెకు 1946లో రేషను పెట్టవలసి వచ్చింది. ఆరోగ్య సర్వీసు మొదలైన రోజున ఆ రొట్టె రేషను ఇంకా అమలులోనే వుంది! "డబ్బున్న దేశాలకే అది చెల్లుతుంది" అనేవారు ఈ ఒక్క సంగతిని జ్ఞాపకం వుంచుకుంటే చాలు. థాయిలాండు ఏమంత ధనిక దేశమని 2002లో తన ప్రజలందరికీ వైద్యం హామీ యిచ్చింది?

సర్వీసు మొదలైన మొదటి సంవత్సరంలో 50 లక్షలకు పైగా కళ్లజోళ్లు పంపిణీ అయ్యాయి. పత్రికలు గగ్గోలు పెట్టాయి. ఉచితమనేసరికి జనం దోచుకుంటున్నారన్నాయి. ఆ కళ్లజోళ్లు ఎవరివి? అంతవరకు చవక దుకాణంలో గంపెడు కళ్లజోళ్లు ముందు పోసుకొని, ఒక్కొక్కటే పెట్టుకొని చూసి, కాస్త మసక తగ్గినదాన్ని కొనుక్కున్నవారివి. డాక్టర్ల దగ్గరకు వచ్చిన స్త్రీలలో గర్భసంచి జారిపోయి ఏళ్ల తరబడి ఇంట్లో ఎవరికీ చెప్పకుండా భరించినవారున్నారు. అంటే 1948లో పుట్టుకొచ్చిన ఖర్చు కాదది. తరతరాలుగా పేదల ఒళ్లలో పేరుకుపోయిన బాకీ అప్పుడు పద్దులోకి ఎక్కింది.

ఖర్చు అంచనాలను మించిపోయిన మాట నిజమే. ఆ అంచనాలు వేసినవారి లెక్కలోనే ఒక అమాయకత్వం వుంది. 1942 నాటి నివేదికలో బెవరిడ్జి 1945లో వైద్యానికి 17 కోట్ల పౌన్లు అవుతుందని లెక్కవేసి, 1965లోనూ 17 కోట్లే అవుతుందన్నాడు. వైద్యం విస్తరిస్తే జబ్బులు తగ్గుతాయి గనుక పెరిగే ఖర్చూ, తగ్గే జబ్బూ సరికి సరి అవుతాయని ఆయన వూహ. అలా జరగలేదు. క్షయతో ముప్పయ్యో ఏట చనిపోవలసినవాడు బతికి డెబ్బయ్యో ఏట గుండె జబ్బుతో ఆసుపత్రికి వస్తాడు. ఇది వైఫల్యమా, విజయమా? దివాలా వాదులు దీన్ని నష్టాల పద్దులో రాస్తారు.

1951లో జరిగినది ఈ చర్చకంతటికీ కీలకం. కొరియా యుద్ధ సమయంలో అమెరికా ఒత్తిడి మీద బ్రిటన్ మూడేళ్లకు 470 కోట్ల పౌన్ల ఆయుధీకరణ కార్యక్రమం పెట్టుకున్నది. ఆ సంవత్సరం బడ్జెట్‌లో ఆర్థికమంత్రి గెయిట్‌స్కెల్ కట్టుడు పళ్లకూ, కళ్లజోళ్లకూ జనం దగ్గర రుసుము వసూలు చేయాలని ప్రతిపాదించాడు. దానివల్ల ఆ ఏడాది వచ్చేది 1 కోటి 30 లక్షల పౌన్లు. ఏడాది ఆయుధ వ్యయంలో నూటికి ఒక్క పౌను కూడా కాదు. బెవాన్ రాజీనామా చేశాడు. ఆయనతోపాటు హెరాల్డ్ విల్సన్, జాన్ ఫ్రీమన్ బయటికి వచ్చారు. అంత ఆయుధోత్పత్తి దేశపు కర్మాగారాలకు శక్యం కాదని బెవాన్ అన్నదే చివరకు నిజమయింది. ఆ తర్వాత వచ్చిన చర్చిల్ ప్రభుత్వమే ఆ కార్యక్రమాన్ని తగ్గించి సాగదీసుకున్నది. కాని కళ్లజోళ్ల రుసుము మాత్రం వుండిపోయింది. 1952లో మందుచీటీకి ఒక షిల్లింగు రుసుము కూడా చేరింది. "డబ్బు లేదు" అనే మాట వినపడినప్పుడల్లా, దేనికి లేదు, దేనికి వుంది అని అడగాలన్న పాఠం నాకు ఈ ఘట్టంలో దొరికింది.

ఈ దివాలా కేకల మధ్య 1953లో కన్సర్వేటివ్ ప్రభుత్వం కేంబ్రిడ్జి ఆర్థికవేత్త గిల్‌బో అధ్యక్షతన ఒక విచారణ సంఘాన్ని వేసింది. దుబారా బయటపడుతుందని పాలకులు ఆశించారు. ఆ సంఘానికి లెక్కలు కట్టిపెట్టినవారు రిచర్డ్ టిట్మస్, బ్రయన్ ఏబెల్-స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు. 1956లో వెలువడిన నివేదిక అందరినీ ఆశ్చర్యపరచింది. ఆరోగ్య సర్వీసు వ్యయం 1949–50లో జాతీయోత్పత్తిలో 3.75 శాతం వుండగా, 1953–54 నాటికి 3.25 శాతానికి తగ్గింది! దుబారా మాట అటుంచి, కొత్త ఆసుపత్రుల నిర్మాణానికి చేస్తున్న వ్యయం బొత్తిగా చాలడం లేదని ఆ సంఘం తేల్చింది. దివాలా తీస్తుందన్న సంస్థకు నిజానికి జరుగుతున్నది పస్తు పెట్టడం.

"ఉచితంగా యిస్తే కోర్కెకు అంతుండదు" అనేది తర్వాతి వాదం. దీన్ని గట్టిగా చెప్పినవాడు 1960 నుంచి 1963 దాకా ఆరోగ్యమంత్రిగా చేసిన ఈనాక్ పవెల్. 1966లో ఆయన ఒక పుస్తకమే రాశాడు. వినడానికి ఈ వాదం తర్కబద్ధంగా వుంటుంది. కాని వైద్యం జిలేబీ కాదు. ఉచితమన్నంత మాత్రాన ఎవరూ రెండోసారి కడుపు కోయించుకోరు. డయాలిసిస్ మీద ముచ్చటపడి వారానికి మూడుసార్లు సూదులు గుచ్చించుకోరు. ఏది అవసరమో తేల్చవలసినవాడు డాక్టరు. బ్రిటిష్ పద్ధతిలో ప్రతి పౌరుడికీ ఒక ఫామిలీ డాక్టరు వుంటాడు. అత్యవసరాల్లో తప్ప ఆయన పంపితేనే స్పెషలిస్టు చూస్తాడు. కోర్కెకు అడ్డుకట్ట ఆ గుమ్మం దగ్గరే వుంది. కోర్కెను నిజంగా రేపేది చేసిన ప్రతి పరీక్షకూ, ప్రతి కోతకూ ఆసుపత్రికి రొక్కం ముట్టే పద్ధతి. అక్కడ రోగి అడగకపోయినా స్కానింగు రాస్తారు. మన పట్నాల్లో తలనొప్పికి పోయి ఫైలుతో తిరిగి వచ్చినవారికి ఇది వివరించనక్కరలేదు.

రుసుము పెడితే అనవసరపు వాడకం తగ్గి ఖజానా నిండుతుందనే వాదాన్ని కూడా బ్రిటన్ అనుభవం పరీక్షించింది. మందుచీటీ రుసుమును 1965లో ఎత్తివేశారు. 1968లో మళ్లీ పెట్టారు. 2007లో వేల్స్, 2010లో ఉత్తర ఐర్లండు, 2011లో స్కాట్లండు దాన్ని రద్దు చేశాయి. ఇంగ్లండులో మాత్రం ఒక్కో మందుకు 9 పౌన్ల 90 పెన్నీలు వసూలు చేస్తున్నారు. పిల్లలకూ, వృద్ధులకూ, పేదలకూ మినహాయింపులు యిచ్చేసరికి అక్కడ కూడా పదింట తొమ్మిది మందులు రుసుము లేకుండానే పోతున్నాయి. అంటే మిగిలిన ఒక్క వంతు కోసం ఇంత యంత్రాంగం!

ఇక పెరుగుతున్న ఖర్చు సంగతి. పెరగడం వాస్తవం. బ్రిటన్‌లో ప్రభుత్వ, ప్రైవేటు వ్యయాలన్నీ కలిపి ఇప్పుడు జాతీయోత్పత్తిలో సుమారు 11 శాతం. దీనికి కారణాన్ని ఉపాధ్యాయులైనవారు తమ వృత్తి నుంచే గ్రహించవచ్చు. మర మగ్గం వచ్చాక ఒక మనిషి నేసే గుడ్డ ఎన్నో రెట్లు పెరిగింది. కాని నలభైమంది పిల్లలకు ఒక పాఠం చెప్పడానికి 1950లో పట్టిన గంటే నేడూ పడుతుంది. పుండు కడిగి కట్టు కట్టే నర్సు చేతికి కూడా అంతే. అయినా పంతులుకూ, నర్సుకూ జీతాలు మిగిలినవారితోపాటు పెరగాలి గదా! అందువల్ల గుడ్డ చవకవుతుంది, చదువూ వైద్యమూ ప్రియమవుతాయి. 1960ల్లో విలియం బామోల్ అనే అమెరికన్ ఆర్థికవేత్త దీన్ని సిద్ధాంతీకరించాడు. ఆ సిద్ధాంతంలోనే జవాబు కూడా వుంది. గుడ్డ, ధాన్యం, యంత్రాలు తక్కువ శ్రమతో తయారవుతున్నాయి గనుకనే సమాజం తన శ్రమలో పెద్ద వాటాను రోగుల కోసం, పిల్లల కోసం వినియోగించగలుగుతున్నది. నాగరికత పెరగడమంటే ఇదే. పైగా ఈ ఖర్చు పెరుగుదల ప్రభుత్వ వైద్యానికి మాత్రమే పట్టిన పీడ కాదు. ప్రైవేటు బీమా రాజ్యమేలే అమెరికాలో 2023లో వైద్య వ్యయం జాతీయోత్పత్తిలో 17 శాతాన్ని మించింది. అంత ఖర్చు పెట్టినా రెండున్నర కోట్లకు పైగా జనానికి ఏ బీమా లేదు. సగటు ఆయుర్దాయం బ్రిటన్ కన్నా తక్కువ. పన్నులతో నడిచే వైద్యం నిలవదంటూ దానికన్నా ఎంతో ఎక్కువ మింగే పద్ధతిని నమూనాగా చూపడం ఏ అర్థశాస్త్రం? 2001లో బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన వాన్‌లెస్ అనే బ్యాంకు అధికారి కూడా ఇతర పద్ధతులన్నీ పరిశీలించి, అదే నాణ్యత గల వైద్యాన్ని వేరే మార్గంలో ఇంతకన్నా చవకగా అందించవచ్చనడానికి ఆధారం లేదని తేల్చాడు.

మరి ఆ సర్వీసు నేడు ఎందుకు రొప్పుతున్నది? 2023 సెప్టెంబరులో ఇంగ్లండు నిరీక్షణ జాబితాలో సుమారు 77 లక్షల చికిత్సలు పెండింగులో వున్నాయి. పద్దెనిమిది వారాల్లో చికిత్స మొదలుపెట్టాలన్న లక్ష్యం 2016 తర్వాత నెరవేరలేదు. ఇవి దాచవలసిన నిజాలు కావు. చరిత్ర మొత్తం మీద ఆ సర్వీసుకు కేటాయింపులు ధరల పెరుగుదల పోను ఏటా సుమారు మూడున్నర శాతం చొప్పున పెరుగుతూ వచ్చాయి. 2010 తర్వాత "పొదుపు" దశాబ్దంలో అది ఒకటిన్నర శాతానికి లోపే వుండిపోయింది. అంతకుముందే ఆసుపత్రి భవనాలను ప్రైవేటు పెట్టుబడితో కట్టించారు. సుమారు 1,300 కోట్ల పౌన్ల విలువైన నిర్మాణాలకు ప్రజలు చివరకు చెల్లించవలసింది 8,000 కోట్ల పౌన్లు. వృద్ధుల ఆలనాపాలనను 1948లోనే సర్వీసుకు బయట వుంచారు. దాంతో కోలుకున్న ముసలివారు ఇంటి దగ్గర చూసే దిక్కులేక ఆసుపత్రి మంచాల మీదే వుండిపోతున్నారు. 2024 సెప్టెంబరులో లార్డ్ దార్జీ యిచ్చిన నివేదిక సర్వీసు పరిస్థితి విషమంగా వుందని చెబుతూనే, పన్నుల మీద నడిచే మూలసూత్రాన్ని మార్చనక్కరలేదన్నది. సంస్థను పస్తు పెట్టి, నీరసించాక "చూశారా, నడవలేకపోతున్నది" అనడం పాలకవర్గాలకు పాత విద్యే.

అయినా అది ఇంతకాలం కూలకుండా వున్నదెందుకు? ఈ వ్యాసంలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. 1982లో థాచర్ ప్రభుత్వంలోని మేధావి బృందం ఒకటి, ఆరోగ్య సర్వీసు స్థానంలో ప్రైవేటు బీమా తెచ్చే ప్రతిపాదనను తయారుచేసింది. ఆ పత్రం బయటికి పొక్కింది. మంత్రులే తిరగబడ్డారు. సర్వీసు తమ చేతుల్లో భద్రమని థాచర్ తన పార్టీ మహాసభలో ప్రకటించుకోవలసి వచ్చింది. గనికార్మికుల సంఘాన్ని నేలమట్టం చేసిన మనిషి, టెలిఫోన్లను, గ్యాసును అమ్మేసిన మనిషి, దాని జోలికి నేరుగా పోలేకపోయింది. కారణం సులభం. ఆమె పార్టీకి ఓటు వేసే దుకాణదారు, గుమాస్తా, బడిపంతులు, అందరి పిల్లలూ ఆ ఆసుపత్రుల్లోనే పుట్టారు. అందరి తల్లిదండ్రులూ అక్కడే కన్నుమూశారు. ప్రజావైద్యాన్ని నిలబెట్టే అసలు నిధి ఆ వరసే. చెల్లించగలవాడు, చెల్లించలేనివాడు ఒకే వరసలో నిలుచున్నంతకాలం ఆ సంస్థకు డబ్బు దొరుకుతూనే వుంటుంది. చెల్లించగలవాడు వరస విడిచి పోయిననాడు బడ్జెట్‌లో దాని తరఫున మాట్లాడే గొంతు మూగపోతుంది.

మా అమ్మాయి డాక్టరుగా పనిచేస్తున్నందువల్ల నేను కొన్ని నెలలు దక్షిణ వేల్స్‌లో వున్నాను. ట్రెడీగర్ పైన కొండమీద బెవాన్ స్మారకంగా నిలిపిన సున్నపురాళ్లను చూడడానికి వెళ్లినప్పుడు బస్సు స్టాపులో ఒక వృద్ధుడు కలిశాడు. తుంటి ఆపరేషన్ కోసం పదకొండు నెలలుగా ఎదురుచూస్తున్నాడు. కర్ర నేలకేసి కొడుతూ ప్రభుత్వాన్ని తిట్టాడు. కాస్త డబ్బు కట్టించుకునే పద్ధతి పెడితే వరస తగ్గుతుందేమో గదా అన్నాను, అతని మనసు తెలుసుకుందామని. ఆయన నావైపు చూసిన చూపు మరచిపోలేను. వరస పొడవు తగ్గించమని తాను అడుగుతున్నాడట, పక్కవాణ్ణి వరసలోంచి తోసెయ్యమని కాదట! అంత స్పష్టంగా ఈ విషయం నేను ఏ పాఠ్యగ్రంథంలోనూ చదవలేదు.

ఆ లోయల్లో మరో సంగతి తెలుసుకున్నాను. 1960, 70ల్లో ఆ బొగ్గు పట్టణాలకు వెళ్లడానికి తెల్ల డాక్టర్లు యిష్టపడలేదు. ఆ ఖాళీలను నింపినవారు భారత ఉపఖండపు డాక్టర్లు. విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలోనో, గుంటూరులోనో, ఉస్మానియాలోనో చదివి వెళ్లినవారు ఆ దేశంలో ఎందరో వున్నారు. నాతో హైస్కూల్లో చదివిన మిత్రుడు అక్కడ ముప్పయ్యేళ్లు గనికార్మికుల కుటుంబాలకు వైద్యం చేశాడు. 1975లో మన వైద్య పట్టాలకు అక్కడి కౌన్సిల్ గుర్తింపు రద్దు చేసినా మన డాక్టర్లు పరీక్షలు రాసి పోతూనే వున్నారు. ఇక్కడ మనం ఒక చేదు నిజాన్ని ఒప్పుకోవాలి. ఆ డాక్టర్లను తయారుచేసిన ఖర్చు మన రైతుకూలీలు పరోక్షపు పన్నుల్లో చెల్లించినది. బ్రిటన్ ప్రజావైద్యపు నిలకడలో కొంత భాగం మన ప్రజావైద్యపు లేమి మీద నిలిచింది. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయమై ఒక నియమావళి చేసింది గాని, అది కట్టుబడి తీరవలసిన చట్టం కాదు. పేదదేశపు శ్రమను పద్దులో రాయకుండా వేసిన లెక్క, మన లెక్కయినా వాళ్ల లెక్కయినా, అభ్యుదయవాదులు అంగీకరించరానిది.

మన లెక్కలో కూడా అలాంటి రాయని పద్దులున్నాయి. 2005 నుంచి గ్రామాల్లో గర్భిణులనూ, పసిబిడ్డలనూ కనిపెట్టుకొని వున్న ఆశా కార్యకర్తలను నేటికీ స్వచ్ఛంద సేవకులంటున్నారు. వారికిచ్చేదాన్ని జీతమనరు, పారితోషికమంటారు. ఆడవాళ్ల శ్రమను అరకొర ధరకు కొని, మన ఆరోగ్యకేంద్రాలు చవకగా నడుస్తున్నాయని చెప్పుకోవడం నిలకడ కాదు.

మన దేశానికి దారి చూపేవారు లేకపోలేదు. 1943లో నియమించిన భోర్ సంఘం 1946లోనే, అంటే బ్రిటిష్ సర్వీసు మొదలవకముందే, చెల్లించలేకపోవడం వల్ల ఏ వ్యక్తికీ వైద్యం అందకుండా పోరాదని సూత్రం చెప్పింది. పదివేల నుంచి ఇరవై వేల జనాభాకు ఒక ప్రాథమిక కేంద్రం, అందులో 75 పడకలు, ఇదీ ఆ సంఘం దీర్ఘకాలిక ప్రణాళిక. నా చిన్నతనంలో మా తాలూకా ఆసుపత్రికి మునసబుగారి కొడుకూ వచ్చేవాడు, మా పాలేరూ వచ్చేవాడు. ముందుగా పలకరింపు మునసబుగారి కొడుక్కే దక్కినా, ఎర్రమందు ఒకే సీసాలోంచి వచ్చేది. డాక్టరు రాకపోతే మునసబు జిల్లా అధికారికి ఉత్తరం రాసేవాడు. ఆ ఉత్తరం వల్ల పాలేరుకు కూడా డాక్టరు దొరికేవాడు. నేడు ఆ ఉత్తరం రాసేవాడు లేడు. వాడు కార్పొరేట్ ఆసుపత్రిలో వున్నాడు.

2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకాన్ని నేను తేలికచేసి మాట్లాడను. గుండె ఆపరేషన్ అనే మాట పేదవాడి నోట పలకడం అప్పటినుంచే. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారినప్పుడల్లా దాని పేరు మారింది. ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024 తర్వాత మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. 2023 డిసెంబరులో తెలంగాణ పరిమితిని 10 లక్షలు చేసింది, అదే నెలలో ఆంధ్ర 25 లక్షలు చేసింది. పేరు మారింది, అంకె మారింది, స్వభావం మారలేదు. పథకం వేరు, వ్యవస్థ వేరు. పథకం జబ్బు ముదిరి కోత దాకా వచ్చాక ఒక్కో కోతకు ఇంత అని చెల్లిస్తుంది. బీపీకి రోజూ వేసుకునే మాత్ర సంగతి, చక్కెర జబ్బుకు కాలికి పుండు పడకముందే చూడవలసిన సంగతి దానికి పట్టదు. జనం జేబుల్లోంచి పోయే డబ్బులో పెద్ద భాగం ఆ మాత్రల కోసం, ఆ పరీక్షల కోసమే. ఇక అమ్మేవాడు ఎప్పుడైనా దుకాణం మూసుకోవచ్చు. 2025లో బకాయిలు చెల్లించలేదంటూ రెండు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపివేసిన సంగతి మనకు తెలుసు. నిలకడ లేనిది ప్రజావైద్యం కాదు, ప్రజల డబ్బుతో నడిచే ప్రైవేటు వైద్యం. చవకలో చేసుకునే మార్గం పక్క రాష్ట్రంలోనే వుంది. తమిళనాడు ప్రభుత్వం 1994లో మందుల కొనుగోలుకు ఒక సంస్థను పెట్టి, రాష్ట్రానికంతటికీ టోకున కొని, ఆసుపత్రుల్లో ఉచితంగా పంచుతూ వస్తున్నది.

చివరగా మన సంగతి. ఈ పత్రిక చదివేవారిలో ఎక్కువమంది ఉపాధ్యాయులు, రేపు ఉపాధ్యాయులు కాబోయేవారు. మన సంఘాల మహాసభల్లో వైద్యం గురించి చేసే తీర్మానాలు ఒకసారి తిరగేయండి. ఆరోగ్య కార్డుల మీద కార్పొరేట్ ఆసుపత్రుల్లో నగదు లేకుండా వైద్యం కావాలని వుంటుంది, జాబితాలో మరిన్ని ఆసుపత్రులు చేర్చాలని వుంటుంది. కోరికలో తప్పు లేదు. బిడ్డకు జ్వరం వస్తే మంచి ఆసుపత్రి వెతకడం ఎవరికైనా సహజం. కాని దాని రాజకీయార్థం ఏమిటి? చదవనూ రాయనూ సభలో నిలబడి మాట్లాడనూ తెలిసిన వర్గమంతా ప్రభుత్వాసుపత్రి వరసలోంచి తప్పుకున్నదని. ప్రభుత్వ పాఠశాలలో చదువు చెప్పేవాళ్లం, పిల్లలు ప్రైవేటు బడికి తరలిపోతే ఆ బడికి ఏమవుతుందో మనకన్నా బాగా ఎవరికి తెలుసు?

అందుచేత మన మొదటి తీర్మానం వేరుగా వుండాలి. మండలంలోని ఆరోగ్య కేంద్రంలో డాక్టరు, నర్సు, మందులు, పరీక్షలు వుండాలి. ఆశా కార్యకర్తకు జీతం వుండాలి. జిల్లా ఆసుపత్రి మన కుటుంబాలకూ, మంత్రుల కుటుంబాలకూ పనికివచ్చేదిగా వుండాలి. కార్పొరేట్ ఆసుపత్రికి కార్డు మీద చెల్లించే ప్రతి రూపాయినీ ముందు అక్కడ పెట్టమనాలి. ఈ కోర్కె నెగ్గేదాకా కార్డును వదులుకోమని నేను ఎవరినీ అడగను. కాని మన జీతాలకోసం మనం రాసినంత గట్టిగా, ఎక్కినన్ని మెట్లు ఎక్కి, ఆ ఆసుపత్రి కోసం అర్జీ రాయమంటాను. ప్రజావైద్యం ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్నకు ఆర్థికశాఖ దగ్గర జవాబు లేదు. ఆ వరసలో ఎవరెవరు నిలబడతారన్న దాన్ని బట్టి అది తేలుతుంది.